కంటైనర్ వేసినప్పుడు పేజీలో మారేదేమిటి

లాడ్‌బజార్‌లో లక్క గాజులు అమ్మే ఒక దుకాణానికి వెబ్‌సైట్ తయారవుతోందనుకుందాం. ఒక జత గాజుల ఫొటో, దాని కింద పేరు, ధర, ఆ కింద వాట్సాప్ బటన్. ఈ నాలుగూ విడివిడిగా ఉన్నంతసేపు వాటన్నిటికీ కలిపి ఒక అంచు గీయడం, నీడ వేయడం, నాలుగింటినీ ఒక్కసారిగా పక్కకు జరపడం వీలుపడదు. అందుకని డిజైనర్ నాలుగింటినీ సెలెక్ట్ చేసి ఒక పెట్టెలో పెడతారు. కోడ్ రాయకుండా తెర మీదే పేజీ కట్టే విజువల్ సాఫ్ట్‌వేర్‌లలో (బిల్డర్లలో) దీనికి ఒక్కోచోట ఒక్కో పేరు: వర్డ్‌ప్రెస్ బ్లాక్ ఎడిటర్‌లో దాన్ని గ్రూప్ అంటారు, ఎలిమెంటర్‌లో కంటైనర్ అంటారు, వెబ్‌ఫ్లోలో డివ్ బ్లాక్ అంటారు. తెర మీద సన్నని నీలిగీత తప్ప ఇంకేమీ మారినట్టు కనిపించదు. వెనక పేజీ నిర్మాణాన్ని రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో మాత్రం ఆ నాలుగింటికీ, అవి అంతవరకూ నేరుగా ఉన్న విభాగానికీ మధ్య కొత్తగా ఒక తరం వచ్చి చేరింది.

వెబ్‌పేజీ నిర్మాణాన్ని వంశవృక్షంగానే వర్ణిస్తారు కాబట్టి ఈ మాట ఉపమానం కోసం అన్నది కాదు. పేజీలో ప్రతి ఎలిమెంట్‌కూ, అంటే ఫొటో, పేరు, బటన్ వంటి ఒక్కో భాగానికీ, ఒక పేరెంట్ ఉంటుంది, కొన్నింటికి పిల్లలుంటాయి. మధ్యలో పెట్టె వేస్తే నిన్నటిదాకా పిల్లలుగా ఉన్నవి మనవల వరసలోకి వెళ్ళిపోతాయి. పిల్లలకు రాసిన ఆస్తి మనవలకు నేరుగా రానట్టే, పేజీ రూపాన్ని నిర్ణయించే భాష సీఎస్ఎస్‌లో పిల్లలకే వర్తించే నియమాలు మనవలను పట్టించుకోవు. పెట్టె వేయగానే లేఅవుట్ చెదిరిపోయిందనే ఫిర్యాదులో సగం ఇక్కడ తేలిపోతుంది.

నిజానికి పెట్టె వేయడం వెనక నాలుగు రకాల అవసరాలు ఉంటాయి: రంగు, అంచు, ఖాళీ వంటి అలంకరణ, వస్తువులను వరసల్లో నిలువుల్లో అమర్చడం, ఇది మెనూ, ఇది ముఖ్య విషయం, ఇది ఒక వస్తువు వివరం అని అర్థం చెప్పడం, మొత్తం భాగాన్ని నొక్కితే ఏదో ఒకటి జరిగేలా చేయడం. ఈ నాలుగింటికీ వేర్వేరు పెట్టెలు, వేర్వేరు నియమాలు ఉన్నాయి. విజువల్ సాఫ్ట్‌వేర్ వీటన్నిటికీ ఒకే మెనూ ఆప్షన్ ఇచ్చి, డిఫాల్ట్‌గా డివ్ ట్యాగ్ (ట్యాగ్ అంటే ఎలిమెంట్ ఏ రకమో చెప్పే హెచ్‌టీఎంఎల్ గుర్తు) పెట్టేస్తుంది. పని తేలికైంది గానీ ఏ అవసరానికి పెట్టె వేస్తున్నామన్న ప్రశ్న డిజైనర్ ముందుకు రాకుండానే పోయింది.

డివ్ ట్యాగ్ 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 3.2 ప్రమాణంలో ఉంది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 4.0లో దానికి ఏ అర్థమూ లేని సాధారణ పెట్టె అన్న హోదా స్థిరపడింది. అదే డిసెంబరులో వెబ్‌పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మాక్రోమీడియా డ్రీమ్‌వీవర్ కూడా మార్కెట్లోకి వచ్చింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో వెబ్ డిజైన్ నేర్చుకున్న పాత బ్యాచ్‌ల వారికి దాని క్విక్ ట్యాగ్ ఎడిటర్ గుర్తుండే ఉంటుంది. సెలెక్ట్ చేసిన భాగం చుట్టూ ఏ ట్యాగ్ వేయాలో అక్కడ స్వయంగా టైపు చేయాల్సి వచ్చేది. ఆ చిన్న శ్రమలో ఒక మేలుంది: ఏ ట్యాగ్ వేస్తున్నామో తెలియకుండా వేయడం కుదిరేది కాదు. ఇప్పటి బిల్డర్లలో ఆ ఎంపిక సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కిందనో, హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ అనే డ్రాప్‌డౌన్‌లోనో దాక్కుని ఉంటుంది. వర్డ్‌ప్రెస్ గ్రూప్ బ్లాక్‌ను హెడర్, మెయిన్, సెక్షన్, ఆర్టికల్, అసైడ్, ఫుటర్ అనే అర్థమున్న ట్యాగులుగా మార్చుకోవచ్చు. ఎలిమెంటర్ కంటైనర్‌ను వీటితోపాటు మెనూ అని చెప్పే నావ్‌గా, లింకుగా కూడా మార్చవచ్చు. ఆ డ్రాప్‌డౌన్‌ను తెరవని సైట్లే ఎక్కువ.

అమరిక సంగతి మొదట చూడాలి, ఎందుకంటే ఇబ్బంది వెంటనే కంటికి కనిపించేది అక్కడే. సీఎస్ఎస్‌లోని అమరిక పద్ధతులైన ఫ్లెక్స్‌బాక్స్ (ఒక వరసలో), గ్రిడ్ (గడుల్లో) రెండూ తమ నేరు పిల్లలను మాత్రమే అమరుస్తాయి. వరసకు నాలుగేసి గాజుల కార్డులు (ఫొటో, పేరు, ధర, బటన్ కలిసిన పెట్టెలు) వచ్చేలా గ్రిడ్ పెట్టిన పేజీలో రెండు కార్డులకు బతుకమ్మ ఆఫర్ అని కలిపి ఒక పసుపు పట్టీ వేయాలనుకుని ఆ రెండింటినీ డివ్‌లో పెడితే, గ్రిడ్ దృష్టిలో అవి ఇక రెండు కార్డులు కావు. ఒకే గడిలో, సగం వెడల్పుకు కుదించుకుపోయో ఒకదాని కింద ఒకటిగానో కూర్చుంటాయి. కొత్త పెట్టెకు రెండు నిలువుల వెడల్పు ఇచ్చి, దాని లోపల సబ్‌గ్రిడ్ పెడితే పై గ్రిడ్ గీతలనే లోపలి కార్డులు వాడుకుంటాయి. 2023 సెప్టెంబరులో క్రోమ్ కూడా సబ్‌గ్రిడ్‌ను అందుకోవడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ ఇది పనిచేస్తోంది. డిస్‌ప్లే కంటెంట్స్ అనే మరో మార్గం ఉంది. అది పెట్టెను అమరికలోంచి తప్పించి, మనవలను తిరిగి పిల్లల స్థానానికి తెస్తుంది. అయితే పెట్టె తప్పుకున్నప్పుడు దాని నేపథ్య రంగు, అంచు, ప్యాడింగ్ (అంచు లోపలి ఖాళీ) కూడా పోతాయి. పసుపు పట్టీ కోసమే పెట్టె వేసిన ఈ ఉదాహరణలో ఆ మార్గం అక్కరకు రాదు.

ఇంతకంటే చిక్కైనవి పెట్టెకు ఇచ్చే గుణాలు లోపలి వాటిపై దూరం నుంచి చూపే ప్రభావాలు. తెర కింది మూలలో పేజీ ఎంత జరిపినా కదలకుండా ఉండే ఆకుపచ్చ వాట్సాప్ బటన్ హైదరాబాద్ దుకాణాల సైట్లలో దాదాపు తప్పనిసరి అయిపోయింది. ఆ బటన్ ఉన్న భాగాన్ని ఒక కంటైనర్‌లో పెట్టి, పేజీ తెరుచుకునేటప్పుడు కింద నుంచి పైకి జారుతూ రావాలని యానిమేషన్ పెడితే, బిల్డర్ ఆ కంటైనర్‌కు ట్రాన్స్‌ఫార్మ్ (పెట్టెను జరిపే, తిప్పే సీఎస్ఎస్ గుణం) జతచేస్తుంది. ట్రాన్స్‌ఫార్మ్ ఉన్న పెట్టెలో ఫిక్స్‌డ్ ఎలిమెంట్ (ఇలా కదలకుండా నిలిచేది) తెరను ఆధారం చేసుకోవడం మానేసి ఆ పెట్టెను ఆధారం చేసుకుంటుంది. ఫలితంగా బటన్ పేజీతో పాటు పైకి వెళ్ళిపోతుంది. మసక వంటి దృశ్య మార్పులు చేసే ఫిల్టర్ ఇచ్చినా ఇదే జరుగుతుంది. బటన్ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు బటన్‌లో లేదు. అలాగే పక్కకు పొడుచుకొచ్చిన ఫొటో అంచులు కత్తిరించడానికి పెట్టెకు ఓవర్‌ఫ్లో హిడెన్ ఇస్తే, లోపల పైన అతుక్కుని నిలవాల్సిన స్టికీ మెనూ నిలవదు. అక్కడ హిడెన్ బదులు క్లిప్ అన్న విలువ ఇస్తే కత్తిరింపు జరుగుతుంది, మెనూ కూడా నిలుస్తుంది.

హెచ్‌టీఎంఎల్‌కు దేనిలో ఏది ఉండవచ్చో చెప్పే సొంత నియమాలు ఉన్నాయి. ప్యారాగ్రాఫ్ ట్యాగ్‌లో డివ్ ఉండకూడదు. ప్యారాగ్రాఫ్ తెరిచి ఉండగా డివ్ ఎదురైతే బ్రౌజర్ ప్యారాగ్రాఫ్‌ను అక్కడికక్కడే మూసేస్తుంది. తర్వాత ప్యారాగ్రాఫ్ ముగింపు ట్యాగ్ కనిపించినప్పుడు మూయడానికి ఏమీ లేకపోవడంతో ఖాళీ ప్యారాగ్రాఫ్ ఒకటి కొత్తగా పుట్టిస్తుంది. పేజీలో కారణం తెలియని ఖాళీ జాగా కనిపిస్తే దాని మూలం చాలాసార్లు ఇదే. జాబితా ట్యాగ్‌కు నేరు పిల్లలుగా జాబితా అంశాలే ఉండాలి, మధ్యలో డివ్ వేయకూడదు. పదం, వివరణ జంటలు ఉండే డీఎల్ జాబితాకు మాత్రం ఈ విషయంలో మినహాయింపు ఉంది, అక్కడ ఒక్కో జంటను డివ్‌లో పెట్టవచ్చు.

వీటిలో ఆచరణలో ఎక్కువ నష్టం చేసేది లింకు లోపల లింకు. గాజుల కార్డు ఎక్కడ నొక్కినా వివరాల పేజీ తెరుచుకోవాలని దుకాణదారు కోరిక. అది న్యాయమైనదే, ఫోన్‌లో వేలికి చిన్న అక్షరాలు సరిగా అందవు. హెచ్‌టీఎంఎల్5 నుంచి లింకు ట్యాగ్‌లో ఫొటో, శీర్షిక, ధర అన్నీ పెట్టవచ్చు కాబట్టి డిజైనర్ కంటైనర్ ట్యాగ్‌ను లింకుగా మారుస్తారు. కానీ కార్డు అడుగున వాట్సాప్ బటన్ ఉంది, అదీ లింకే. లింకులో లింకు, లింకులో బటన్ నిషిద్ధం. మొదటి లింకు మూయకముందే రెండోది ఎదురైతే బ్రౌజర్ మొదటిదాన్ని బలవంతంగా మూసేస్తుంది. కార్డు రెండు ముక్కలై, వాట్సాప్ బటన్ అంచు దాటి బయటపడుతుంది. ఎలిమెంటర్ ఈ ప్రమాదాన్ని గుర్తించి, కంటైనర్‌ను లింకుగా మార్చినప్పుడు లోపలి వాటికి లింకులు పెట్టవద్దని అక్కడే హెచ్చరిక చూపుతుంది.

మరి ఎడిటర్‌లో బాగానే కనిపించిన కార్డు అసలు పేజీలో ఎందుకు విడిపోతుంది? ఎడిటర్ చాలావరకు జావాస్క్రిప్ట్‌తో ఎలిమెంట్లను ఒక్కొక్కటిగా తయారు చేసి ఒకదానిలో ఒకటి అమరుస్తుంది. అలా అమర్చేటప్పుడు దేనిలో ఏది ఉండవచ్చన్న నియమాలను బ్రౌజర్ పరీక్షించదు, లింకులో లింకు పెట్టినా ఊరుకుంటుంది. ప్రచురించిన పేజీ మాత్రం హెచ్‌టీఎంఎల్ పాఠంగా బ్రౌజర్‌కు చేరుతుంది. దాన్ని చదివే పార్సర్ నియమాలను అమలు చేస్తుంది. అంటే ఎడిటర్‌లో చూసింది నమూనా మాత్రమే, బయట కొత్త ట్యాబ్‌లో తెరిచి చూస్తే తప్ప పెట్టె సరిగా కూర్చుందో లేదో తెలియదు.

కార్డు సమస్యకు మంచి పరిష్కారం పెట్టెను మామూలు డివ్‌గానో ఆర్టికల్‌గానో ఉంచి, లింకును గాజుల పేరుకే పెట్టడం. పెట్టెకు పొజిషన్ రిలేటివ్ ఇచ్చి, పేరులోని లింకుకు ఆఫ్టర్ అనే కృత్రిమ ఎలిమెంట్ జతచేసి, దాన్ని పెట్టె నాలుగు అంచులదాకా పరిస్తే కార్డంతా నొక్కదగినదవుతుంది. వాట్సాప్ బటన్‌కు కూడా పొజిషన్ రిలేటివ్ ఇచ్చి, ఏది పైన ఉండాలో చెప్పే జెడ్ ఇండెక్స్ పెంచితే అది ఆ పొర పైన నిలిచి తన పని తాను చేసుకుంటుంది. సిద్ధంగా రాసిన సీఎస్ఎస్ అందించే బూట్‌స్ట్రాప్ 2019 నాటి 4.3 వెర్షన్ నుంచి దీన్నే స్ట్రెచ్డ్ లింక్ పేరుతో సిద్ధంగా ఇస్తోంది. దీనికి అయిదారు పంక్తుల సీఎస్ఎస్ చాలు. విజువల్ బిల్డర్ వాడేవారు కూడా ఆ కాస్త సీఎస్ఎస్ నేర్చుకోవడం మంచిది, లేకపోతే ప్రతి అవసరానికీ ఒక ప్లగిన్ వెతుక్కోవాల్సి వస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో కావలసిన ట్యాగ్ దొరకనప్పుడు చాలామంది పట్టే అడ్డదారి మరొకటుంది. పైన ఒక కస్టమ్ హెచ్‌టీఎంఎల్ బ్లాక్ పెట్టి అందులో డివ్ తెరుస్తారు. మధ్యలో మామూలు బ్లాకులు ఉంచి, కింద ఇంకో కస్టమ్ హెచ్‌టీఎంఎల్ బ్లాక్‌లో ఆ డివ్‌ను మూస్తారు. వర్డ్‌ప్రెస్‌లో ఆ బ్లాక్ తన చుట్టూ ఏ పెట్టే వేసుకోదు కాబట్టి, బ్లాకులన్నీ వరసగా అచ్చయ్యే చోట ఈ కిటుకు పనిచేస్తుంది కూడా. ఎడిటర్‌లో మాత్రం ఆ పెట్టె జాడే ఉండదు. తర్వాత ఎవరో పైనున్న ఆ ఖాళీ బ్లాక్ దేనికో తెలియక తీసేస్తే కింది ముగింపు ట్యాగ్ మరేదో పెట్టెను మూసేస్తుంది. కింది బ్లాక్‌ను తీసేస్తే ఫుటర్‌తో సహా మిగిలిన పేజీ అంతా ఆ పెట్టెలో పడిపోతుంది. ఏ ఎర్రర్ సందేశమూ రాదు.

ప్రతి విడ్జెట్ (ఫొటో, బటన్ వంటి రెడీమేడ్ భాగం) చుట్టూ సొంత డివ్‌లు వేసే బిల్డర్లలో ఈ కిటుకు మొదటి నుంచీ పనిచేయదు, కారణం తెలుసుకోదగినది. హెచ్‌టీఎంఎల్‌లో డివ్ ముగింపు ట్యాగ్‌కు ఏ డివ్‌ను మూయాలో చెప్పే పేరు ఉండదు, చివరగా తెరిచిన దాన్ని మూస్తుంది. విడ్జెట్ లోపల కొత్తగా తెరిచిన పెట్టెను, ఆ విడ్జెట్ చివర బిల్డర్ తన కోసం రాసుకున్న ముగింపు ట్యాగే మూసేస్తుంది. ఇక విడ్జెట్ సొంత డివ్‌కు ముగింపు దక్కదు. ఆ వెనక వచ్చే విడ్జెట్లన్నీ దాని కడుపులోకి చేరతాయి. చివరి విడ్జెట్‌లో ఉన్న అదనపు ముగింపు లెక్కను సరిచేసినట్టు కనిపించినా, మధ్యలో ఎవరి పెట్టె ఎవరిదో తారుమారైపోయి ఉంటుంది. ఒక పెట్టెను తెరవడం, మూయడం రెండూ ఒకే చోట, ఒకే ఎలిమెంట్‌గా జరగాలి. అలా కుదరనప్పుడు మొత్తం భాగాన్ని ఒకే కస్టమ్ హెచ్‌టీఎంఎల్ బ్లాక్‌లో రాసుకోవడం మేలు.

డివ్‌ల సంఖ్య గురించి భయాలు కొంత అతిగా చెబుతుంటారు, కొంత నిజం. ఎలిమెంటర్ పాత సెక్షన్, కాలమ్ పద్ధతిలో ఒక్కో విడ్జెట్ కనీసం రెండు సొంత డివ్‌లతో వచ్చేది. కార్డుకు నాలుగు విడ్జెట్ల చొప్పున 60 కార్డులున్న గాజుల పేజీలో ఆ లెక్కన 480 డివ్‌లు కేవలం చుట్టలకే పోయేవి, కాలమ్‌లవి వేరు. పేజీ పనితీరును కొలిచే గూగుల్ లైట్‌హౌస్ పరీక్ష పేజీ బాడీలో సుమారు 800 నోడ్లు (ఎలిమెంట్లు) దాటితే హెచ్చరించేది, 1,400 దాటితే తప్పుగా లెక్కించేది. 2022లో ఎలిమెంటర్ ఫ్లెక్స్‌బాక్స్ కంటైనర్‌ను తెచ్చినప్పుడు ఈ బరువు తగ్గడాన్నే ప్రధాన లాభంగా చెప్పుకుంది. చేత్తో వేసే పెట్టె ఒకటి రెండింటి వల్ల పేజీ నెమ్మదించదు. పదేపదే వచ్చే కార్డు లోపల వేసే పెట్టె విషయంలో మాత్రం ఆలోచించాలి, అది కార్డుల సంఖ్యతో గుణించుకుపోతుంది. కేవలం ప్యాడింగ్ కోసం వేసే పెట్టె అయితే దాదాపు ఎప్పుడూ అనవసరమే, ఉన్న ఎలిమెంట్‌కే ప్యాడింగ్ ఇవ్వవచ్చు.

అర్థం చెప్పే పెట్టెల విషయానికొస్తే, చూపు లేనివారికి తెర మీది పాఠాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్లలో డి మీట నొక్కితే పేజీలోని ముఖ్య ప్రాంతాల మధ్య గెంతవచ్చు. మెయిన్, నావ్ వంటివి ఆ జాబితాలో కనిపిస్తాయి, డివ్ కనిపించదు. సెక్షన్ ట్యాగ్ వేసినంత మాత్రాన కూడా కనిపించదు. దానికి aria-label అనే ఆట్రిబ్యూట్‌తోనో, లోపలి శీర్షికకు ముడిపెట్టో ఒక పేరు ఇస్తేనే అది ప్రాంతంగా నమోదవుతుంది. అందువల్ల పేజీలో ఉన్న డివ్‌లన్నిటినీ ఉత్సాహంగా సెక్షన్‌లుగా మార్చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. మెయిన్ ఒకటి, మెనూకు నావ్, ఒక్కో వస్తువుకు ఆర్టికల్ ఉంటే చిన్న దుకాణం సైట్‌కు సరిపోతుంది.

సొంత పేరుతో కస్టమ్ ఎలిమెంట్ వేసుకోవచ్చు. పేరు ఇంగ్లిష్ చిన్నబడి అక్షరంతో మొదలై, మధ్యలో ఎక్కడో హైఫన్ ఉండాలి. ఆ తర్వాతి భాగం తెలుగు లిపిలో ఉన్నా ప్రమాణం ఒప్పుకుంటుంది గానీ, ఆ సరదా తీర్చుకున్నవారు అరుదు. ఇలాంటి పెట్టె మొదట ఇన్‌లైన్‌గా, అంటే పంక్తిలో ఒక మాటలా, ఉంటుందని చాలామందికి తెలియదు. వెడల్పు ఇస్తే పట్టదు, పైకీ కిందికీ మార్జిన్ (బయటి ఖాళీ) ఇస్తే జరగదు, డిస్‌ప్లే బ్లాక్ అని సీఎస్ఎస్‌లో రాస్తేనే డివ్‌లా ప్రవర్తిస్తుంది. స్క్రీన్ రీడర్‌కు దాని పేరు వల్ల ఏ అర్థమూ అందదు.

ఇక లాడ్‌బజార్ దుకాణానికి నిజంగా కంటైనర్ తప్పనిసరయ్యే చోటు భాషల దగ్గర ఉంది. అక్కడికొచ్చే కొనుగోలుదారుల కోసం ఒకే పేజీలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ పెట్టడం సహజం. తెలుగు భాగాన్ని ఒక పెట్టెలో పెట్టి దానికి భాష తెలుగు అని lang ఆట్రిబ్యూట్ ఇస్తే, స్క్రీన్ రీడర్ తన దగ్గరున్న తెలుగు గొంతుకు మారడానికి వీలవుతుంది. ఆ పెట్టెకు మాత్రమే తెలుగు ఫాంటు, తగినంత లైన్ హైట్ (ఒక్కో పంక్తికి ఇచ్చే ఎత్తు) ఇవ్వడం కూడా సులువవుతుంది. ఇంగ్లిష్ టెంప్లేట్లలో శీర్షికలకు 1.2 లైన్ హైట్ మామూలు. 'లక్ష్మి', 'స్త్రీ' వంటి మాటల్లో అడుగున వేలాడే వత్తులకు అది చాలదు, 1.5కు తక్కువ కాకుండా ఉంచాలి. టెంప్లేట్ పెట్టెకు నిర్ణీత ఎత్తు, ఓవర్‌ఫ్లో హిడెన్ రెండూ ఉంటే వత్తులు సగానికి తెగి, మాటే మారిపోయినట్టు కనిపిస్తుంది. ఎత్తు బదులు కనీస ఎత్తు ఇస్తే పెట్టె పాఠంతో పాటు పెరుగుతుంది. సంధులతో పొడవైపోయిన తెలుగు మాటలు ఫోన్‌లో సన్నని కార్డును దాటి బయటికి రాకుండా ఓవర్‌ఫ్లో ర్యాప్‌కు బ్రేక్ వర్డ్ అన్న విలువ కూడా అదే పెట్టెకు ఇవ్వాలి.

ఉర్దూ భాగానికి భాషతోపాటు దిశ కూడా చెప్పాలి. పెట్టెకు డిర్ ఆట్రిబ్యూట్‌ను ఆర్‌టీఎల్‌గా (కుడి నుంచి ఎడమకు) ఇచ్చిన వెంటనే లోపలి పాఠం కుడి నుంచి ఎడమకు సాగుతుంది, ఫ్లెక్స్ వరసలో ఉన్న ఫొటో, పేరు, ధర కూడా తమంతట తాము స్థానాలు మార్చుకుంటాయి. కానీ ధరకూ ఫొటోకూ మధ్య ఖాళీ కోసం ఎడమ మార్జిన్ ఇచ్చి ఉంటే అది ఎడమనే ఉండిపోతుంది, ఎందుకంటే ఎడమ, కుడి అనేవి భాషను బట్టి మారవు. మార్జిన్ ఇన్‌లైన్ స్టార్ట్ అని ఇస్తే పాఠం ఎటు మొదలైతే ఖాళీ అటు వస్తుంది. చాలా బిల్డర్ల ప్యానెళ్ళలో ఇప్పటికీ నాలుగు వైపుల గడులే కనిపిస్తాయి కాబట్టి ఈ ఒక్క పంక్తినీ కస్టమ్ సీఎస్ఎస్‌లో రాసుకోవాలి. వస్తువుల మధ్య ఖాళీని మార్జిన్లతో కాకుండా పెట్టెకే గ్యాప్‌గా ఇచ్చిన చోట ఆ అవసరమూ ఉండదు, ఒకే కార్డు డిజైన్ మూడు భాషలకూ సరిపోతుంది.